సేవకు పిలుపు ఉందనిపిస్తోంది, ఉద్యోగం మానెయ్యాలా?

నాయనా, ప్రభువు నామంలో వందనాలు.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివే మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి నువ్వు రాసింది నాలుగు ముక్కల్లో చెబుతాను. నీది పత్తికొండ దగ్గర పల్లె. వయసు 25. కర్నూల్లో ఒక మొబైల్ షాపులో పని. పోయిన ఏడు ఉజ్జీవ కూటాల్లో, అంటే భక్తిని రగిలించే ప్రార్థన సభల్లో, ఒక ప్రసంగీకుడు నీ తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను వేల మందికి దీవెనగా వాడుకుంటాడని చెప్పాడు. అప్పటి నుంచి షాపులో మనసు నిలవడం లేదు. ఊళ్లో సంఘ పెద్దలు మాత్రం రెండేళ్లుగా నీతో చాపలు పరిపించడం, మైకు సెట్టు పెట్టించడం తప్ప ఒక్కసారి కూడా వాక్యం చెప్పనివ్వలేదు. అమ్మేమో చెల్లి పెళ్లి అయ్యేదాకా ఆగమంటోంది. స్నేహితుల దగ్గర చేబదులు 40 వేల దాకా ఉంది. ఉద్యోగం మానేసి, 40 రోజులు ఉపవాసం ఉండి, ఏదైనా బైబిల్ ట్రైనింగులో చేరిపోవాలా? అసలు ఆత్మీయంగా ఎదుగుతున్నానో లేదో ఎట్లా తెలుస్తుంది? ఇవీ నీ ప్రశ్నలు.

నేను గుత్తి వైపు పల్లెల్లో 29 ఏళ్లు సంఘ కాపరిగా పనిచేసి రిటైరయినవాణ్ని. సేవకు వస్తామని నా దగ్గరికి వచ్చిన పిల్లలు చాలామంది. నిలబడినవాళ్లను చూశాను, రెండేళ్లకే వాడిపోయినవాళ్లనూ చూశాను. అందుకని నీకు రుచించినా రుచించకపోయినా జవాబు ముందే చెప్పేస్తాను. ఉద్యోగం ఇప్పుడు మానొద్దు. చాపలు పరచడం అసలే మానొద్దు.

నీ పిలుపు అబద్ధమని నేననడం లేదు. నిజమే అయి ఉండొచ్చు, అయితే నాకు సంతోషం. దేవుడు పిలిచిన పిలుపు రెండు మూడేళ్లు ఆగినంత మాత్రాన చచ్చిపోదు. ఆగితే చచ్చిపోయేది ఏదైనా ఉంటే అది ఆ రాత్రి కూటంలో వచ్చిన ఆవేశం. ఆ రెంటికీ తేడా ఇప్పుడు నీకూ తెలియదు, నాకూ తెలియదు. కాలమే తేలుస్తుంది.

మీ పత్తికొండ వైపే కదా తుగ్గలి, జొన్నగిరి. తొలకరి వానలు పడగానే ఆ చేలల్లోకి జనం ఎట్లా దిగుతారో నేను నీకు చెప్పక్కర్లేదు. మా వైపు వజ్రకరూరులోనూ అంతే. యాడాడి నుంచో వచ్చి, చెట్ల కింద వండుకుని తింటూ, నడుం వంచి మట్టిలో ఒక్క రాయి కోసం వెతుకుతారు. ఒకడికి దొరికితే ఊరూరా అదే మాట. దొరకనోళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అదే వానకు, అదే నేలలో, పక్క చేలోని రైతు గొర్రు కట్టి బుడ్డలు, అదే వేరుశనగ, విత్తుకుంటుంటాడు. ఆయన మీద ఎవరి చూపూ పడదు. ఆ కూటంలో విన్న మాటను నువ్వు వజ్రంలాగా పిడికిట్లో పట్టుకుని తిరుగుతున్నావేమోనని నా భయం. ప్రవచనాన్ని చులకన చెయ్యొద్దు, కానీ అన్నిటినీ పరీక్షించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. రెండు మాటలూ ఒక్కచోటే రాశాడు. కాబట్టి ఆ ప్రసంగీకుడు చెప్పింది ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకుని బైబిల్లో పెట్టుకో. ఇక దాని గురించి ఎవరికీ చెప్పకు. దేవుడిదైతే ఆయనే నెరవేర్చుకుంటాడు.

బైబిల్లో మనం త్వరగా దాటిపోయే ఏళ్లు కొన్ని ఉన్నాయి. యోసేపు కథ మొదలయ్యేటప్పటికి 17 ఏళ్లు, ఫరో ముందు నిలబడేనాటికి 30. మధ్యలో 13 ఏళ్లు. అవి ఊరికే పోయిన ఏళ్లు కావు. పోతీఫరు ఇంట్లో ఇల్లంతా చూసుకున్నాడు, చెరసాలలో తోటి ఖైదీల బాగోగులు చూశాడు. రేపు కరువులో దేశమంతటి ధాన్యం తన చేతి మీదుగా పోవాలి కదా, ఇంకొకరి సొత్తును ఎట్లా చూసుకోవాలో అక్కడ నేర్చుకున్నాడు. మోషే సంగతి చూడు. 40 ఏళ్లు మిద్యానులో మామ గొర్రెలు మేపాడు. ఆ గొర్రెలను తోలుకుని హోరేబు దాకా పోయాడు. తర్వాత ఇశ్రాయేలును నడిపించుకుని వచ్చింది ఆ కొండ దగ్గరికే. ఆ ఎడారి దారులు, ఆ ఎండ, మొండికేసే మందను ఓర్చుకోవడం, ఇవన్నీ ఆయనకు గొర్రెల వెనకే అబ్బాయని నేననుకుంటాను. పౌలు కూడా దమస్కు దారిలో వెలుగు చూసిన మరునాడే లోకమంతా తిరగలేదు. అరేబియాకు పోయాడు, మూడేళ్ల తర్వాత గానీ యెరూషలేముకు పోలేదు, తర్వాత సొంతూరు తార్సులో ఉన్నాడు. బర్నబా వెతుక్కుంటూ పోయి పిలుచుకొచ్చాడు.

నీ మొబైల్ షాపును నువ్వు జైలుగా రాశావు. నేను అట్లా చూడను. పని చెయ్యని ఫోను పట్టుకుని ఒక పెద్దాయన అరుస్తూ వస్తాడు. తప్పు ఆయనదే, చార్జింగు పెట్టుకోలేదు. ఆయన పదిమందిలో చిన్నబోకుండా ఆ సంగతి చెప్పడం నీకు వచ్చా? గ్యారంటీ లేని చార్జరును గ్యారంటీ ఉందని అమ్మమని ఓనరు చెబితే ఏం చేస్తున్నావు? రేపు సంఘంలో నీ మీద అరిచేవాళ్లు వస్తారు, సగం నిజం చెప్పి గట్టెక్కాలనిపించే రోజులు వస్తాయి. ఆ రోజుకు కావలసిన కండ ఆ కౌంటరు దగ్గరే పెరుగుతుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. 1982లో నాకు 24 ఏళ్లు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. నీలాగే నాకూ పుల్పిట్ ఎక్కి ప్రసంగించాలని ఆశ. మా ఊరి సంఘానికి ఒక ముసలి ఉపదేశి ఉండేవాడు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. అభిషేకం పొందిన అయ్యగారు ఎప్పుడో నెలకొకసారి వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి పోతే, ఊళ్లోనే ఉండి ప్రార్థనలు నడిపి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, చావుకూ పెళ్లికీ నిలబడేది ఉపదేశి. లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. అప్పటి నుంచి మన సీమ పల్లెల్లో సంఘాలు నిలిచింది దొరల భుజాల మీద కంటే ఈ ఉపదేశుల భుజాల మీదే ఎక్కువని నా నమ్మకం. వాళ్లలో చాలామంది పేర్లు ఏ మందిరం రాతి పలక మీదా కనపడవు.

నన్ను సేవకు తయారు చెయ్యమని ఆయన్ను అడిగాను. "సాయంత్రం సైకిలు ఎక్కు" అన్నాడు. అంతే. 14 నెలలు ఆయన సైకిలు వెనక కూర్చుని తిరిగాను. మిట్ట వస్తే దిగి తోసేవాణ్ని. ఒక్క రోజు కూడా నన్ను వాక్యం చెప్పమనలేదు.

ఒక సాయంత్రం పేట చివర ఒక గుడిసెకు పోయాం. ముసలామె మంచం పట్టి ఏడాదైంది. కొడుకులిద్దరూ బెంగుళూరుకు కూలికి పోయారు. పక్కింటివాళ్లు సంగటి ముద్ద పెడుతున్నారు, అంతకు మించి చూసేవాళ్లు లేరు. ఆమె కాలి గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. బొటనవేలి గోరు పక్క వేలి కండలోకి దిగింది. ఆయన బైబిలు తియ్యలేదు. నన్ను పొయ్యి ముట్టించి నీళ్లు కాచమన్నాడు. సత్తు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి ఆమె కాళ్లు నానబెట్టాడు. చాలాసేపు నానబెట్టాడు. నాకు విసుగొచ్చింది, ఇంకా మూడిళ్లు చూడాలి కదా అనిపించింది. తర్వాత జేబులోంచి కాగితంలో చుట్టిన సగం బ్లేడు తీశాడు. నేను లాంతరు పట్టుకున్నాను. ఒక్కో గోరూ కొంచెం కొంచెంగా కోశాడు. ఆమె "అబ్బా" అన్నప్పుడల్లా ఆగి, ఆ పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని, పంచె అంచుతో తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. అన్నీ అయ్యాక 71వ కీర్తన చదివాడు. ముసలితనంలో నన్ను విడిచిపెట్టొద్దు, నా బలం తగ్గినప్పుడు నన్ను వదిలెయ్యొద్దు అని దేవుణ్ని బతిమాలుకునే కీర్తన అది. ఆమె పెదవులు కదిలాయి. బయటికి వచ్చి ఆయన చేతులు చాపాడు. నేను చెంబుతో నీళ్లు పోశాను. సైకిలు ఎక్కాం. దాని గురించి దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను కాపరినయ్యాక, రాజుల రెండవ గ్రంథం మూడో అధ్యాయం చదువుతూ ఆగిపోయాను. ముగ్గురు రాజులు సైన్యాలతో ఎడారిలో చిక్కుకుని నీళ్లు లేక చావబోతున్నారు. దేవుని దగ్గర విచారించడానికి ప్రవక్త ఎవరూ లేరా అని వాళ్లలో ఒకడైన యూదా రాజు యెహోషాపాతు అడుగుతాడు. ఒక సేవకుడు ఎలీషా ఉన్నాడని చెబుతాడు. అప్పటికే ఏలీయా శిష్యుడు ఎలీషా యొర్దాను నీళ్లను పాయలు చేసినవాడు, యెరికో నీళ్లను బాగుచేసినవాడు. ఆ సేవకుడు వాటిలో ఒక్కటీ ఎత్తలేదు. ఏలీయా చేతుల మీద నీళ్లు పోసినవాడు ఇక్కడున్నాడు అన్నాడు. యెహోషాపాతుకు ఆ మాట చాలింది. దేవుని వాక్కు అతని దగ్గర దొరుకుతుందని లేచి పోయాడు. పన్నెండు అరకలు దున్నే ఇంటి బిడ్డ ఎలీషా. ఇంకొకరి చేతుల మీద నీళ్లు పొయ్యాల్సిన ఖర్మ లేనివాడు. ఆ పేజీ మీద నా చెంబు, ఆ ముసలాయన తడి చేతులు కనపడి ఏడ్చాను.

నువ్వు ఆదివారం తెల్లారి లేచి దులిపి పరిచే చాపలు ఆ నీళ్లే నాయనా. వాటి మీద కూర్చునే ముసలమ్మలకు మోకాళ్లు నొప్పులు. ఎవరికి గోడ పక్కన వెయ్యాలో, ఎవరికి కుర్చీ వెయ్యాలో రెండేళ్లలో నీకు తెలిసుండాలి. తెలియకపోతే వచ్చే ఆదివారం నుంచి గమనించు.

ఇంకొక సంగతి చెప్పడానికి ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది. ఆ 14 నెలలూ అయ్యాక ఒక మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు నాకు మొదటి అవకాశం వచ్చింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో మొదటిది నాకిచ్చారు. తండ్రీ వీరిని క్షమించుము అనే మాట. వారం రోజులు తయారయ్యాను. అప్పటికి మా అన్నకూ నాకూ ఏడాదిగా మాటల్లేవు. బావి నీళ్ల వంతుల దగ్గర తగువు. ఆ రోజు మా అన్న వచ్చి వాకిలి దగ్గర చాప మీద కూర్చున్నాడు. నేను శత్రువును క్షమించడం గురించి గొంతెత్తి చెబుతున్నాను. సగంలో ఆయన లేచాడు. చెప్పులు తొడుక్కుని, వేపచెట్టు కింద నుంచి నడిచిపోవడం కిటికీలోంచి నాకు కనపడింది. నేను ఆపలేదు. ఇంకో 20 నిమిషాలు చెప్పాను. అయిపోయాక అందరూ బాగా చెప్పావన్నారు. ఉపదేశి ఒక్కడే దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "మీ అన్న కూర్చుని వినగలిగే ప్రసంగం నేర్చుకో నాయనా."

మరునాడు పొద్దున అన్న ఇంటికి పోయాను. కూర్చోమనలేదు. నిలబడే "నాదే తప్పు అన్నా" అన్నాను. "ఏది?" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పంతా నాదేనని మొత్తంగా ఒప్పుకోవడం తేలిక, ఫలానాది అని చెప్పడం కష్టం. చివరికి చెప్పాను. ఆయన వంతు రాత్రి, ఆయన ఊళ్లో లేడని తెలిసి, మోటారు ఆన్ చేసి నా మడికి నీళ్లు కట్టుకున్నది నేనే. కరెంటు వాళ్లు అర్ధరాత్రి ఇచ్చారని, ఎవరిదో పొరపాటని ఏడాదంతా బుకాయించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వదినను పిలిచి కాఫీ పెట్టమన్నాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. మళ్లీ మామూలుగా మాట్లాడుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. నా సిద్ధపాటు ఏ రోజు మొదలైందని ఎవరైనా అడిగితే నేను ఆ శనివారమే చెబుతాను.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం తీసి చూడు. అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపేవాడికి, ఉండాల్సిన లక్షణాల్లో సామర్థ్యం అని చెప్పదగ్గది బోధించగలగడం ఒక్కటే. మిగతావన్నీ నడవడి. ఇంటివాళ్లను ఎట్లా చూసుకుంటున్నాడు, కోపం ఎంత, డబ్బు మీద ఆశ ఎంత, కొత్తగా చేరినవాడా, సంఘం బయటివాళ్లు అతని గురించి ఏమంటున్నారు. బయటివాళ్లు అంటే నీ విషయంలో నీ షాపు ఓనరు, నీ రూమ్మేటు, నీకు 40 వేలు ఇచ్చిన స్నేహితులు. ఆ అప్పు సంగతి నువ్వు ప్రశ్న చివర ఒక ముక్కలో రాసి వదిలేశావు. నాకు మాత్రం నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్దగా కనపడింది అదే. ఈ నెల నుంచే ప్రతి ఒక్కరికీ ఇంత అని చెప్పి తీర్చడం మొదలుపెట్టు. అప్పు ఉంచుకుని ఉద్యోగం మానేస్తే దాన్ని విశ్వాస జీవితం అనకూడదు. ఆ విశ్వాసం ఖర్చు నీ స్నేహితులు భరిస్తున్నారు. పౌలు కొరింథులో గుడారాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్నాడు, తన చేతులతోనే తోడున్నవాళ్లకూ పెట్టానని ఎఫెసు పెద్దలతో చెప్పాడు. అదేమీ ఆయన సేవకు మచ్చ కాలేదు.

ఎదుగుతున్నానో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగావు. వేరుశనగ సేద్యం నీకు తెలిసిందే. విత్తిన నెలకు పసుపు పూలు పూస్తాయి. చేను చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ పువ్వు దగ్గర కాయ కాయదు. పువ్వు వాడినాక అక్కడి నుంచి ఊడ దిగుతుంది, మట్టిలోకి పోతుంది, కాయ లోపల పడుతుంది. నేల బిగిసి ఉంటే ఊడ దిగదు. చెట్టు పచ్చగానే ఉంటుంది, పెరికితే కాయలుండవు. అందుకే ఊడలు దిగకముందే గుంటక తోలి నేల గుల్ల చేస్తాం. దిగినాక మళ్లీ ఇనుము పెట్టం, కదిలిస్తే పంట పోతుంది. కాయ పడిందా లేదా అని రోజూ చెట్టు పీకి చూసే రైతు లేడు. నీ ఎదుగుదలను నువ్వే రోజూ పీకి చూసుకుంటున్నట్టుంది. కూటంలో కన్నీళ్లొచ్చాయా, ప్రార్థనలో ఒళ్లు జలదరించిందా అని. అవి పూత. మంచివే. నేను మాత్రం వేరే చోట చూస్తాను. నీ ఈడు పిల్లవాడికి నీకంటే ముందు వాక్యం చెప్పే అవకాశం వచ్చినప్పుడు ఆ రాత్రి నీకు నిద్ర పట్టిందా? తప్పు చేశాక ఒప్పుకోవడానికి పోయిన ఏడు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెన్ని పడుతోంది? ఇది నీకంటే మీ అమ్మకు బాగా తెలుస్తుంది, ఆమెను అడుగు. గుంటక తోలేటప్పుడు నేలకు నొప్పే. అన్న ఇంటి ముందు నిలబడ్డ రోజు నాకూ నొప్పే.

అమ్మ మాటను నువ్వు అడ్డంకిగా రాశావు. నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూసేవాడు దేవుని రాజ్యానికి తగడన్న మాటను ఎత్తిచూపావు. ఆ మాట నిజం, దాన్ని నేను పలచన చెయ్యను. పెళ్లి అయ్యాక, ఇల్లు కట్టాక, పిల్లలు పెద్దయ్యాక అని బతుకంతా వాయిదా వేసేవాళ్లకు అది గట్టి దెబ్బే. కానీ అదే ప్రభువు, తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది కొర్బాను, అంటే దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను కూడా అంతే గట్టిగా గద్దించాడు. సిలువ మీద ఊపిరి ఆడని వేళ కూడా తల్లిని యోహానుకు అప్పగించాడు. నాన్న లేని ఇంట్లో పెళ్లికి ఎదిగిన చెల్లి ఉంది. అమ్మ నిన్ను సేవకు పోవద్దు అనలేదు, ఆగమంది. నాకైతే ఆ ఆగమనడంలో సాతాను కనపడటం లేదు, ఒక తల్లి భయం కనపడుతోంది. ఆ భయం తీర్చి బయలుదేరు. ఆమె ప్రార్థన వెంట రాకుండా సేవకు పోయినవాళ్లు మోసే బరువు నేను దగ్గర నుంచి చూశాను.

40 రోజుల ఉపవాసం వద్దు. మోషే, ఏలీయా, ప్రభువు 40 రోజులు ఉన్నారు, నిజమే. వాళ్లలో ఎవరూ సేవకు శక్తి సంపాదించుకుందామని తమంతట తాము లెక్కపెట్టుకుని కూర్చున్నవాళ్లు కారు. మన ఎండలకు నీళ్లు కూడా మాని ఉపవాసం చేసి, కళ్లు తిరిగి పడిపోయిన పిల్లవాణ్ని నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. షుగరు, అల్సరు లాంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఒక్క పూట కూడా మానకూడదు. నీకు ఆరోగ్యం బాగుంటే వారానికి ఒక రోజు, మధ్యాహ్నం దాకా, నీళ్లు తాగుతూ ఉండు. ఆ పూట మిగిలిన డబ్బుతో ఒకరికి భోజనం పెట్టు. దేవుడు కోరుకునే ఉపవాసం ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమని యెషయా 58వ అధ్యాయంలో ఉంది.

వాక్యం చదవడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సేవకు వస్తామనే పిల్లల్లో పూర్తి బైబిలు ఒక్కసారి కూడా చదవనివాళ్లే ఎక్కువ. ఫోన్లో ప్రసంగాలు విని, వాటినే తిరిగి చెబుతారు. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాయి. లేవీయకాండం దగ్గర ఆగిపోవద్దు. బిగ్గరగా చదువు, చెవికి పడితే మనసులో నిలుస్తుంది. ఇంకొకటి. మన తెలుగు బైబిలు భాష పాతది. మనకు అలవాటై తియ్యగా ఉంటుంది కానీ, కొత్తగా వచ్చి వాకిట్లో కూర్చున్నవాడికి సగం అర్థం కాదు. నెహెమ్యా కాలంలో లేవీయులు ధర్మశాస్త్రం చదివి, జనం గ్రహించేట్టుగా అర్థం చెప్పారని ఉంది. దానికి నేను నా దగ్గరి పిల్లలతో ఒక పని చేయించేవాణ్ని, నువ్వూ చెయ్యి. లూకా 15లో పది నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న ఆడమనిషి కథ ఉంది కదా. దాన్ని మీ అమ్మకు, మీ ఊరి మాటల్లో చెప్పు. మరియు, అట్లుండగా, ఏలయనగా లాంటివి ఒక్కటీ రాకూడదు. దీపం ఎందుకు వెలిగించింది? పట్టపగలు కూడా ఇల్లు చీకటా? కసువు ఊడుస్తుంటే నాణెం రాతి బండల సందులో ఇరుక్కుందా? దొరికినాక ఇరుగుపొరుగును పిలిచి ఏమంది? మీ అమ్మ మధ్యలో "ఆ, తర్వాత?" అంటే నీకు చెప్పడం వస్తున్నట్టు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోతే మళ్లీ తయారవు. నెలకు ఒక కథ చాలు. ప్రార్థనకు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని మనుషుల పేర్లు రాసుకో. పెద్ద పెద్ద భారాలు మొయ్యడానికి ముందు పది పేర్లు మోసి చూడు.

పెద్దలు వాక్యం చెప్పనివ్వడం లేదన్న బాధ నాకు అర్థమవుతుంది. కొన్ని సంఘాల్లో పెద్దలు యవనస్తులను తొక్కిపెడతారు, అది పాపమే, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ నువ్వు వాళ్లను ఒక్కసారైనా నేరుగా అడిగావా? అడిగినట్టు రాయలేదు. పోయి, "అయ్యా, నాలో ఏం సరిదిద్దుకోవాలో చెప్పండి" అని అడుగు. ఏం చెప్పినా ఆ పూటకు ఎదురు చెప్పకుండా విను. సండే స్కూలు ఇమ్మని అడుగు, ఎవరూ పోటీకి రారు. తొలి క్రైస్తవ సంఘంలో స్తెఫను మొదట చేసింది విధవరాళ్ల భోజనాల పని. అపొస్తలులు ఆ పనికి కూడా మంచి పేరున్న, ఆత్మతో నిండిన మనుషులనే ఎంచుకోమన్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. అలిగి నలుగురు స్నేహితులను వెంటేసుకుని పక్క వీధిలో కొత్త మందిరం పెట్టొద్దు. అట్లా పుట్టిన సంఘాలు మళ్లీ అట్లాగే చీలడం మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. అంతియొకయలో పౌలునూ బర్నబానూ సంఘం ప్రార్థించి, చేతులుంచి పంపింది. వాళ్లంతట వాళ్లు పోలేదు.

నువ్వుండేది కర్నూల్లో. పెద్దాసుపత్రి ఉంది కదా. సీమ నలుమూలల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా పేదోళ్లు వస్తారు. పేషెంటు కంటే వెంట వచ్చినవాళ్ల అవస్థ ఎక్కువ. ఏ కౌంటరు ఎక్కడుందో తెలియదు, కాగితం చదవడం రాదు, రాత్రి వరండాలో పడుకోవాలి. నీ సెలవు రోజు రెండు గంటలు అక్కడ గడుపు. స్కానింగు గది చూపించు, ఫారం నింపిపెట్టు, వేడినీళ్లు తెచ్చిపెట్టు. చేతిలో కరపత్రాలు పెట్టుకుని పోవద్దు. జబ్బుతో ఉన్న మనిషి నిస్సహాయతను మనం వాడుకోకూడదు. అడిగితే ప్రార్థన చెయ్యి, వాళ్ల ఇష్టం కనుక్కుని మెల్లగా చెయ్యి. ఎవరూ అడగకపోతే ఇంటికొచ్చి వాళ్ల పేర్లు నోటుబుక్కులో రాసుకో.

బైబిల్ చదువు సంగతి. నేను చదువుకు వ్యతిరేకిని కాను. వేదాంతం చదువుకున్నందుకు రోజూ దేవునికి వందనాలు చెప్పుకుంటాను. 1818లో మొదలైన శ్రీరాంపూర్ కాలేజీ పేరు మీద ఇప్పటికీ వేదాంతంలో బి.డి. డిగ్రీలు ఇస్తున్నారు. మన తెలుగువాళ్లకు 1964లో రాజమండ్రిలో పెట్టి తర్వాత హైదరాబాదుకు మార్చిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది. ఇట్లాంటి చోట్లకు పోవాలంటే మామూలుగా నీ సంఘం సిఫారసు కావాలి. కాబట్టి మళ్లీ ఆ పెద్దల దగ్గరికే రావాలి. నీకు డిగ్రీ ఉంది కనుక రెండు మూడేళ్ల తర్వాత ఆ దారి తెరిచే ఉంటుంది. ఆరు వారాల్లో సర్టిఫికెట్టు, డబ్బు కడితే పేరు ముందు డాక్టరు అనే చోట్లకు మాత్రం పోవద్దు. ఎక్కడ చేరాలన్నా ముందు ఒక పూట పోయి చూసి, అక్కడ చదివిన పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్లో ఏం చేస్తున్నారో అడుగు.

ఇప్పుడు మన వైపు బుడ్డలు విత్తే రోజులు. పెరికేది అక్టోబరు, నవంబరు నెలల్లో కదా, అప్పుడు నాకు మళ్లీ రాయి. చెల్లి సంబంధం మాటలు ఎంతవరకు వచ్చాయో, ఆ 40 వేలల్లో ఎంత తీరిందో, పెద్దలు ఏమన్నారో ముందు రాయి. నాణెం కథ వినేటప్పుడు మీ అమ్మ ఏమందో కూడా రాయి. ఆమెకు నా వందనాలు చెప్పు.